ఫస్టియర్‌లో ఎవరు తడబడతారో నాలుగో వారంలోనే పసిగట్టడం ఎలా?

ఇంటర్‌లో అత్తెసరు మార్కులతో గట్టెక్కి ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలందరూ ఫెయిలవరు. చాలామంది మొదటి సెమిస్టర్ శుభ్రంగా దాటేస్తారు. కొందరు మాత్రం ఎం-1 (మొదటి మ్యాథ్స్ పేపర్) దగ్గర ఒకసారి, పీపీఎస్ (ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్) దగ్గర ఇంకోసారి ఆగిపోతారు. మూడో ఏడాదికి వచ్చేసరికి వాళ్ల నెత్తిన బ్యాక్‌లాగ్‌ల (పాసవకుండా మిగిలిపోయిన సబ్జెక్టుల) మూట ఉంటుంది. ఈ రెండు రకాల పిల్లల ఇంటర్ మెమోలు పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా కనిపించదు. తేడా బయటపడేది కాలేజీలో చేరాక మొదటి నాలుగు వారాల్లో. ఆ నాలుగు వారాల్లో ఏం గమనించాలి, ఎలా రాసుకోవాలి, ఎలా లెక్కగట్టాలి, లెక్క తేలాక ఏం చెయ్యాలి అన్నది ఇక్కడ వరసగా చెబుతున్నాం.

ఇది ఫస్టియర్ కోఆర్డినేటర్లకు, మెంటార్లకు, సెక్షన్ చూసుకునే లెక్చరర్లకు పనికొచ్చే పద్ధతి. ఉదాహరణలు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్ (2022లో చేరిన బ్యాచ్ నుంచి వర్తించిన చదువు, పరీక్షల నిబంధనలు) నుంచి తీసుకున్నాం. డిగ్రీ కాలేజీలవాళ్లు, పాలిటెక్నిక్‌లవాళ్లు సబ్జెక్టుల పేర్లు, మార్కుల లెక్క మార్చుకుంటే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఎక్సెల్ షీటు, పాత బ్యాచ్‌ల రికార్డులు, వారానికి రెండు మూడు గంటల ఓపిక చాలు.

ముందే ఒక మాట. ఈ జాబితా ఎవరి నుదుటిరాతా కాదు. ఈ వారం ఏ లెక్చరర్ ఏ పిల్లవాడి పక్కన కూర్చోవాలో చెప్పే చీటీ. పిల్లలకు సాయం చెయ్యడానికి మనుషులూ గంటలూ లేని కాలేజీలో జాబితా తయారు చెయ్యకపోవడమే మేలు. సాయం లేని జాబితా పిల్లలమీద ముద్ర వేయడం తప్ప మరేమీ చెయ్యదు.

మొదటి మెట్టు: ‘నెగ్గడం’ అంటే ఏమిటో రాసిపెట్టుకోండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా లెక్కల్లోకి దిగుతారు. తర్వాత ఎవరి లెక్క వాళ్లదవుతుంది. ఒకరు ఎస్‌జీపీఏ (సెమిస్టర్ గ్రేడ్ల సగటు) చూస్తారు, ఇంకొకరు సప్లీలో పాసైనవాళ్లనూ పాసుల్లో కలిపేస్తారు.

ఆర్22లో సబ్జెక్టుకు ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఇంటర్నల్‌లో కనీసం 14, ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21, మొత్తం మీద 40 రావాలి. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపించి కండొనేషన్ (హాజరు లోటుకు మినహాయింపు) తీసుకోవచ్చు. అంతకన్నా తగ్గితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరు. వీటిని దృష్టిలో పెట్టుకుంటే పనికొచ్చే నిర్వచనం ఇది: మొదటి సెమిస్టర్ రెగ్యులర్ పరీక్షకు హాల్‌టికెట్ తెచ్చుకుని, రీవాల్యుయేషన్ ఫలితాలు వచ్చాక ఒకటికి మించి బ్యాక్‌లాగ్ లేకుండా ఉండడం. ఒక బ్యాక్‌లాగ్‌ను ఎందుకు వదిలేస్తున్నామంటే, ఒక్క సబ్జెక్టు పోయినవాళ్లలో చాలామంది సొంతంగానే సర్దుకుంటారు. రెండు పోయాయంటే రెండో సెమిస్టర్ చదువుకు సప్లీల చదువు అడ్డం పడుతుంది. అక్కడినుంచి జారుడు మొదలవుతుంది.

పాత బ్యాచ్ లెక్క తీసేటప్పుడు రిజల్ట్ షీటు నుంచి మొదలుపెట్టకండి, అడ్మిషన్ రిజిస్టర్ నుంచి మొదలుపెట్టండి. రిజల్ట్ షీటులో పరీక్ష రాసినవాళ్లే ఉంటారు. మధ్యలో మానేసినవాళ్లు, డిటెయిన్ అయినవాళ్లు అందులో కనపడరు. మీకు అందరికన్నా ముందు కావాల్సింది వాళ్ల వివరాలే. అయితే చివరి విడత కౌన్సెలింగ్‌లో ఇంకో కాలేజీకి మారినవాళ్లను ఫెయిల్ కింద వేయకూడదు. వాళ్లను లెక్కలోంచే తీసెయ్యండి. ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టేస్తే మంచి మార్కులున్న పిల్లలే మానేస్తున్నట్టు తప్పుడు సంకేతం వస్తుంది.

రెండో మెట్టు: చేరిన రోజు దొరికే వివరాలు

ఇంటర్ మెమో, ఎంసెట్ (2024 నుంచి ఈఏపీసెట్) మార్కులు, చేరిన తేదీ, ఏ విడతలో వచ్చారు అన్నవి ఆఫీసులోనే ఉంటాయి. వీటిలో ఇంటర్ మెమోను జాగ్రత్తగా చదవాలి. మొత్తం మార్కులు చూడకండి. వెయ్యికి 620 వచ్చినవాళ్లిద్దరిలో ఒకరికి అవి సంస్కృతం, ఇంగ్లిష్, ప్రాక్టికల్స్ మోసిన మార్కులు కావచ్చు. ఇంకొకరికి మ్యాథ్స్ మోసినవి కావచ్చు. ఇన్నాళ్లూ ఉన్న తెలంగాణ ఎంపీసీ మెమోలో మ్యాథ్స్ నాలుగు పేపర్లు, ఒక్కొక్కటి 75కి. పాస్ మార్కు 26. ఈ నాలుగింటినీ విడివిడిగా ఎక్కించుకోండి. 26 నుంచి 30 మధ్య ఎన్ని పేపర్లు ఉన్నాయి, సప్లీలో పాసైన పేపర్ ఉందా అన్న రెండు గడులు చాలు. ప్రాక్టికల్ మార్కులు వదిలేయండి. దాదాపు అందరికీ నిండుగా వచ్చే మార్కు ఎవరినీ విడదీయలేదు.

మెమో సంవత్సరం కూడా చూడాలి. 2021లో తెలంగాణలో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు జరగలేదు. మొదటి ఏడాది మార్కులనే రెండో ఏడాదికి వేశారు. ఆ ఏడాది చివర్లో ఫస్టియర్ పరీక్షల్లో ఫెయిలైనవాళ్లందరినీ కనీస మార్కులతో పాస్ చేశారు. వాళ్లే 2022లో ఇంజనీరింగ్‌లో చేరారు. అందుకే ఆ బ్యాచ్ మెమోల్లో ఫస్టియర్ కనీస మార్కు చూసి, మామూలు ఏడాది కనీస మార్కుతో సమానమనుకుంటే లెక్క తప్పుతుంది. ఆ బ్యాచ్‌కు సెకండియర్ పేపర్లే వాడండి.

మరో సంగతి అంకెల్లో కనిపించదు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదివినవాళ్ల మార్కుల వెనక తెల్లవారుజామునుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ ఉంటాయి, వారం వారం పరీక్షలుంటాయి. ఇక్కడ అవేవీ ఉండవు. పుస్తకం తియ్యమని చెప్పేవారు లేని మొదటి నెలలో వాళ్లలో కొందరు పూర్తిగా పట్టు తప్పుతారు. 900 దాటినవాళ్లు కూడా జాబితాలోకి రావచ్చని ముందే మనసులో పెట్టుకోండి.

ఫారంలో అడగాల్సినవి ఐదే. ఇంటినుంచి కాలేజీకి ఒకవైపు ఎన్ని నిమిషాలు, పదో తరగతి ఏ మీడియం, ఇంటర్ హాస్టలా డే స్కాలరా, కాలేజీ అయ్యాక ఏదైనా పని చేస్తున్నారా, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉందా. ‘మీకు పట్టుదల ఎంత, ఐదులో ఎంత వేసుకుంటారు’ లాంటి ప్రశ్నావళి పెట్టకండి. లెక్చరర్ చేతికి వెళ్లే కాగితం మీద ఎవరూ రెండు వేసుకోరు.

మూడో మెట్టు: నలభై నిమిషాల పరీక్ష

ఇండక్షన్ ప్రోగ్రామ్ రెండో వారంలో పెట్టండి. మొదటి రోజే పెడితే భయపడతారు, పైగా సగం మంది ఇంకా చేరి ఉండరు. 20 ప్రశ్నలు, 40 నిమిషాలు. మార్కులు ఇంటర్నల్‌లో కలవవని ముందే చెప్పాలి, కలపకూడదు కూడా. పది ప్రశ్నలు లెక్కలు (భిన్నాలు, ఘాతాంకాలు, సంవర్గమానాలు, వర్గ సమీకరణాలు, సరళరేఖ వాలు, త్రికోణమితి విలువలు, తేలికైన అవకలనం), ఐదు ఇంగ్లిష్ వాక్యాల్లో ఇచ్చిన లెక్కలు, ఐదు వరసక్రమం తెలిపేవి.

ఈ పరీక్షలో మార్కుకన్నా తప్పు ముఖ్యం. ఒక్క ప్రశ్న దగ్గరగా చూద్దాం:

2ఎక్స్ − 3 = 5 − (ఎక్స్ − 4)

జవాబు 4. 4/3 వచ్చిందంటే, బ్రాకెట్ ముందున్న మైనస్‌ను లోపలి రెండో పదానికి అందించలేదు. 2 వచ్చిందంటే బ్రాకెట్ సరిగ్గానే విప్పాడు, మైనస్ 3ను ఇటు తెచ్చేటప్పుడు గుర్తు మార్చలేదు. మైనస్ 2/3 వచ్చిందంటే రెండు తప్పులూ చేశాడు. ఈ నాలుగూ ఆప్షన్లుగా ఇస్తే దిద్దే పని లేకుండా ఏ పిల్లవాడికి ఏది నేర్పాలో మీ షీటులోకి వచ్చేస్తుంది. మాత్రికల అధ్యాయంలో డిటర్మినెంట్ విప్పేటప్పుడు తప్పులు దొర్లేది ఇదే మైనస్ దగ్గర. పిల్లవాడు ‘నాకు మ్యాట్రిసెస్ రావు’ అంటాడు. రానిది మ్యాట్రిసెస్ కాదు, ఎనిమిదో తరగతి మైనస్.

వాక్యం లెక్క ఇలా ఉండాలి: ‘ఫైవ్ లెస్ దేన్ ట్వైస్ ఎ నంబర్ ఈజ్ లెవెన్’. సరైన జవాబు 8. మాటలు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో అంకెలు పేర్చినవాళ్లు 5 − 2ఎక్స్ = 11 అని రాసి మైనస్ 3 తెస్తారు. ఇదే సమీకరణాన్ని గుర్తుల్లో ఇంకోచోట ఇవ్వండి. గుర్తుల్లో చేసి, మాటల్లో తప్పినవాళ్లకు లోటు లెక్కల్లో లేదు, ఇంగ్లిష్ వాక్యం చదవడంలో ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల్ని మ్యాథ్స్ రెమిడియల్ క్లాసులో కూర్చోబెట్టి నెల వృథా చేసేది ఈ తేడా చూడకనే. వాళ్లకు కావాల్సింది ప్రశ్నపత్రంలో వచ్చే నలభై యాభై మాటలు, రోజుకు ఐదు ప్రశ్నలు బిగ్గరగా చదివి అర్థం చెప్పడం.

వరసక్రమం ప్రశ్నలు ప్రోగ్రామింగ్ కోసం. సీ భాష తెలియక్కర్లేదు. ‘మొత్తం సున్నాతో మొదలవుతుంది. 1 నుంచి 4 దాకా ఒక్కో అంకె తీసుకుని మొత్తానికి కలుపుతూ పోవాలి. మూడోసారి కలిపాక మొత్తం ఎంత?’ జవాబు 6. 3 అన్నవాళ్లు తీసుకున్న అంకెనూ మొత్తాన్నీ కలగలిపేశారు. 10 అన్నవాళ్లు మధ్యలో ఆగకుండా చివరిదాకా వెళ్లిపోయారు. లూప్ చెప్పేటప్పుడు ఈ ఇద్దరికీ చెప్పాల్సిన మాటలు వేరు.

పరీక్ష రాయనివాళ్లకు సున్నా వేయకండి. ‘రాయలేదు’ అని వేరే గడి పెట్టండి. సున్నాకూ గైర్హాజరుకూ అర్థం వేరు, ఒక్కోసారి గైర్హాజరే పెద్ద సంకేతం.

ఇలాంటి ఒక్క పరీక్ష మీదే అంతా తేల్చేస్తే ఏమవుతుందో అమెరికా కమ్యూనిటీ కాలేజీలు చూశాయి. అక్కడ చేరేటప్పుడే కంప్యూటర్ మీద పరీక్ష పెట్టి, మార్కు తగ్గితే క్రెడిట్ లేని రెమిడియల్ కోర్సుల్లో వేసేవారు. కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలోని కమ్యూనిటీ కాలేజ్ రీసెర్చ్ సెంటర్ 2012లో వెలువరించిన అధ్యయనాలు ఆ పరీక్షలకన్నా హైస్కూల్ గ్రేడ్లే మెరుగ్గా ముందుచూపు ఇస్తున్నాయని తేల్చాయి. మామూలు కోర్సు దాటగలిగే పిల్లల్ని చాలామందిని పరీక్ష వెనక్కి నెట్టేస్తోందని బయటపడింది. 2017లో కాలిఫోర్నియా చట్టం చేసి హైస్కూల్ రికార్డుకు ప్రాధాన్యం ఇచ్చింది. అయితే ఆ నీతిని మనం ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. అక్కడి హైస్కూల్ గ్రేడు అంటే నాలుగేళ్లపాటు టీచర్లు వేసిన మార్కులు, అందులో హోంవర్క్ ఉంటుంది, క్రమం తప్పకుండా రావడం ఉంటుంది. మన ఇంటర్ మార్కు కొద్దిరోజుల బోర్డు పరీక్షల్లో తేలినది. పిల్లవాడు రోజూ ఎలా పనిచేస్తాడో అది చెప్పదు. అందుకే మన దగ్గర ఆ లోటు తీర్చాల్సింది తర్వాతి మెట్టు.

నాలుగో మెట్టు: నాలుగు వారాల గమనింపు

హాజరుతో మొదలుపెట్టండి, కానీ శాతం ఒక్కటే చూడకండి. మొదట చేరిన తేదీ సరిచూసుకోవాలి. ఆఖరి విడతలోనో, స్పాట్ అడ్మిషన్‌లోనో చేరిన పిల్లలు క్లాసులు మొదలైన రెండు మూడు వారాలకు వస్తారు. వాళ్లు రాకముందు రోజులకు కూడా గైర్హాజరు పడితే అందరూ ప్రమాదంలో ఉన్నట్టే కనిపిస్తారు. మీ లెక్కకు మాత్రం చేరిన రోజునుంచి జరిగిన పీరియడ్లనే విభాజకంగా తీసుకోండి. ఆలస్యంగా చేరడాన్ని వేరే గడిలో పెట్టండి. అది కూడా సంకేతమే, కానీ ఎగ్గొట్టడం కాదు.

రెండోది, మూడు నాలుగు వారాల హాజరును విడిగా చూడండి. మొదటి రెండు వారాలు కొత్తలో అందరూ వస్తారు. మూడో వారంలో తగ్గడం మొదలైందంటే పట్టించుకోవాలి. మూడోది, ఏ పీరియడ్లు పోతున్నాయో చూడండి. ఎప్పుడూ మొదటి పీరియడే పోతుంటే బస్సు సమస్య. ఎప్పుడూ ఎం-1 పీరియడే పోతుంటే భయం. మధ్యాహ్నం ల్యాబ్‌లు పోతుంటే బయట పనేదో ఉందేమో అడగాలి. ముగ్గురి శాతమూ 78 కావచ్చు. చెయ్యాల్సిన సాయం మాత్రం ముగ్గురికీ వేరు.

హాజరు డేటాలో పెద్ద గుంట ఒకటుంది. సెమిస్టర్ చివర మెడికల్ సర్టిఫికెట్లు, ఎన్‌సీసీ, క్రీడలు, కండొనేషన్ పేరుతో రిజిస్టర్ సరిచేస్తారు. పాత బ్యాచ్‌లకు ఆ సరిచేసిన అంకెలు తీసుకుంటే, నాలుగో వారంలో ఎవరికీ తెలియని సంగతి మీ లెక్కలోకి చొరబడుతుంది. కాగితం మీద లెక్క అద్భుతంగా కుదురుతుంది, అసలు వాడకంలో తేలిపోతుంది. పాత బ్యాచ్‌లకు బయోమెట్రిక్ లాగ్ గానీ లెక్చరర్ చేతి రిజిస్టర్ గానీ వెతికి తీయండి. ఈ ఏడాదినుంచి ప్రతి శనివారం సాయంత్రం షీటు ఒక కాపీ తీసి, తేదీ పేరుతో భద్రపరిచి, మళ్లీ ముట్టుకోకండి. మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) మార్కులకూ ఇదే జాగ్రత్త. ఆ మార్కులు తర్వాత మారే అవకాశం ఉంటే, మొదట వేసిన మార్కే మీ షీటులో ఉండాలి.

తర్వాత అసైన్‌మెంట్లు. ఇచ్చారా లేదా అన్నది సగమే చెబుతుంది. ఇవ్వనివాళ్ల గురించి తెలుస్తుంది. ఇచ్చినవాళ్లలో ఎవరు చేశారో, ఎవరు రాత్రి వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి దించారో తెలియదు. దీనికి మంచి ఉపాయం శనివారం చీటీ. అసైన్‌మెంట్‌లోంచే ఒక లెక్క తీసుకుని, ఒక అంకె మార్చి, క్లాసులో ఐదు నిమిషాల్లో పావు కాగితం మీద చేయించండి. మార్కు మూడు రకాలే: చేశాడు, సగంలో ఆగాడు, మొదలుపెట్టలేదు. నాలుగు వారాల్లో నాలుగు చీటీలు. అసైన్‌మెంట్ ఇచ్చి, చీటీ మొదలుపెట్టనివాళ్లు మామూలు రిజిస్టర్‌లో ఎక్కడా దొరకరు. వెనకబడుతూ కూడా క్రమశిక్షణతో కనిపించే పిల్లలు వీళ్లే. రోజూ వస్తారు, నోట్సు అందంగా ఉంటుంది, ఒక్క ప్రశ్న అడగరు, మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోగొట్టుకుంటారు. చీటీ లేకపోతే మీ పద్ధతి వాళ్లను వరసగా వదిలేస్తూనే ఉంటుంది.

ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో రికార్డు చూడకండి, అబ్జర్వేషన్ పుస్తకం (ల్యాబ్‌లో అక్కడికక్కడ రాసే నోట్సు) చూడండి. మూడో వారంలో ప్రతి ఒక్కరినీ రెండు నిమిషాలు ఆపి, వాళ్లు టైప్ చేసిన ప్రోగ్రామ్‌లోనే ఒక లైను మారిస్తే అవుట్‌పుట్ ఏమవుతుందో అడగండి. జవాబు తప్పయినా ఫర్వాలేదు. తెర వైపు చూసి ఆలోచిస్తున్నాడా, పక్కవాడి వైపు చూస్తున్నాడా అన్నది రాసుకోండి.

ఐదో మెట్టు: ఏ సంకేతానికి ఎంత బరువు

ఇక్కడ పాత బ్యాచ్ కావాలి. లెక్క కోసం ఒక బ్యాచ్‌లో 240 మంది ఉన్నారనీ, మన నిర్వచనం ప్రకారం 90 మంది నెగ్గలేదనీ అనుకుందాం. ఒక సంకేతం తీసుకోండి, ఉదాహరణకు మూడు నాలుగు వారాల హాజరు 75 శాతానికి తక్కువ. అది ఉన్నవాళ్లు 50 మంది, వాళ్లలో నెగ్గనివాళ్లు 32. అంటే 64 శాతం. లేనివాళ్లు 190 మంది, వాళ్లలో నెగ్గనివాళ్లు 58. అంటే 30.5 శాతం. తేడా 33.5. ప్రతి సంకేతానికీ ఎక్సెల్‌లోని కౌంట్‌ఇఫ్స్ (షరతులకు సరిపోయినవాళ్లను లెక్కించే) ఫార్ములాతో ఈ తేడా తీయండి.

బరువులకు తేలికైన పద్ధతి ఇది. తేడా 10కి లోపు ఉంటే ఆ సంకేతం వదిలేయండి. 10 నుంచి 20 అయితే ఒక పాయింటు, 20 నుంచి 35 అయితే రెండు, ఆపైన మూడు. సంకేతం ఉన్నవాళ్లు 20 మందికన్నా తక్కువ ఉంటే ఎంత తేడా కనిపించినా నమ్మకండి. నలుగురైదుగురు అటూఇటూ అయితే చెదిరిపోయే అంకె అది.

రెండు సంకేతాలు ఒకే సంగతి చెబుతున్నాయేమో చూసుకోవాలి. క్లాసుకు రానివాడు అసైన్‌మెంటూ ఇవ్వడు. రెండింటికీ పాయింట్లు వేస్తే ఒకే తప్పుకు రెండుసార్లు లెక్కించినట్టు. హాజరు తక్కువ ఉన్నవాళ్లను మాత్రమే విడిగా తీసి, వాళ్లలో అసైన్‌మెంట్ ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ తేడా ఉందా చూడండి. హాజరు బాగున్నవాళ్లలోనూ అలాగే చూడండి. రెండుచోట్లా తేడా నిలబడితే రెండూ ఉంచండి, లేకపోతే ఒకటి తీసెయ్యండి.

కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఎవరైనా చేతికి దొరికితే లాజిస్టిక్ రిగ్రెషన్ (సంకేతాలన్నీ కలిపి చూసి నెగ్గే అవకాశం లెక్కగట్టే గణిత పద్ధతి) వేయించవచ్చు. ఈ కలిసిపోయే సంకేతాల సంగతి అదే చూసుకుంటుంది. కానీ 90 మంది నెగ్గనివాళ్లున్న డేటాకు సంకేతాలు తొమ్మిదికి మించకూడదు. ఒక్కో సంకేతానికి కనీసం పదిమంది అన్నది పాత కొండగుర్తు. ఇంత చిన్న డేటాకు న్యూరల్ నెట్‌వర్క్ వంటివి అక్కర్లేదు. మెంటార్‌కు ‘ఇతను ఎందుకు జాబితాలో ఉన్నాడు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని లెక్క ఎంత కచ్చితమైనదైనా వాడకంలో నిలవదు.

కులం, మతం, కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్గం పాయింట్లలోకి రాకూడదు. మెంటార్ మార్చగలిగింది వాటిలో ఏదీ లేదు. పైగా ఒక వర్గం పిల్లలందరికీ చేరిన రోజే పాయింటు పడిపోతుంది, అది క్లాసులో తెలియకుండా దాగదు.

ఆరో మెట్టు: లెక్క నిజంగా పనిచేస్తుందా?

బరువులు కట్టిన బ్యాచ్ మీదే సరిచూస్తే అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. 2022, 2023 బ్యాచ్‌లతో బరువులు కట్టి, 2024 బ్యాచ్ మీద పరీక్షించండి. ‘మొత్తం ఎంత శాతం కరెక్ట్’ అని అడగకండి. 240లో 150 మంది నెగ్గిన బ్యాచ్‌లో ‘అందరూ నెగ్గుతారు’ అని కళ్లుమూసుకుని చెప్పినా 62.5 శాతం కరెక్టే, ఒక్కడికీ సాయం అందదు.

అడగాల్సినది ఇది: మనం 40 మందికే సాయం చెయ్యగలిగితే, పాయింట్ల మొత్తం ప్రకారం పైనుంచి 40 మందిలో నిజంగా ఇబ్బంది పడ్డవాళ్లెందరు? 30 మంది అయితే జాబితా మంచిదే. గుడ్డిగా 40 మందిని తీస్తే సగటున 15 మందే దొరికేవారు. అదే సమయంలో ఇబ్బంది పడ్డ 90 మందిలో 60 మంది మీ జాబితా బయటే ఉన్నారన్నది మరిచిపోవద్దు. జాబితాలో లేడని ఎవరికీ భరోసా ఇవ్వకండి, జాబితాలో లేనివాళ్లు అడిగితే తలుపు మూయకండి.

ఇంకో పోలిక తప్పనిసరి. ఇంటర్ మ్యాథ్స్ మార్కు ఒక్కటే తీసుకుని కిందినుంచి 40 మందిని ఎంచితే ఎందరు దొరుకుతారో చూడండి. మీ పాయింట్ల పద్ధతి దానికన్నా గట్టిగా మెరుగ్గా లేకపోతే ఇంత శ్రమ దేనికి? సాధారణంగా తప్పు ఎక్కడుంటుందంటే, నాలుగో మెట్టు డేటా సరిగ్గా ఎక్కించి ఉండరు.

చివరగా, వదిలేసినవాళ్లెవరో చూడండి. ఆ 60 మందిని అమ్మాయిలు-అబ్బాయిలు, హాస్టల్-డే స్కాలర్, తెలుగు-ఇంగ్లిష్ మీడియం, సామాజిక వర్గం వారీగా విడదీయండి. పాయింట్లలో వాడకూడదన్న వివరాలు ఇక్కడ మాత్రం వాడాలి. ఒక గుంపులో ఇబ్బంది పడ్డవాళ్లను మీ జాబితా మిగతావాళ్లకన్నా ఎక్కువగా వదిలేస్తుంటే, ఆ గుంపుకు సరిపోయే సంకేతం మీ దగ్గర లేదన్నమాట. హాజరు మీదే ఎక్కువ ఆధారపడ్డ లెక్కలు, రోజూ వచ్చి మౌనంగా వెనకబడే పిల్లల్ని ఇలాగే వదిలేస్తాయి. శనివారం చీటీ బరువు పెంచి మళ్లీ చూడండి.

ఏడో మెట్టు: జాబితా చేతికొచ్చిన వారం

28వ రోజున జాబితా తీయండి, 30వ రోజుకల్లా మొదటి మాట జరగాలి. మిడ్-1 దాకా ఆగితే ఒక మిడ్ పోయినట్టే. జాబితా పొడవు పాయింట్లు నిర్ణయించకూడదు, మీ గంటలు నిర్ణయించాలి. ఐదుగురు లెక్చరర్లు, ఒక్కొక్కరు ఎనిమిది మంది, అంటే 40. ఒకరికి ఇరవై మందిని కట్టబెడితే అది ఇంకో క్లాసు అవుతుందే తప్ప సాయం కాదు.

ఎక్కువ పాయింట్లున్నవాళ్లు చాలావరకు క్లాసుకే రానివాళ్లు. వాళ్లకు సాయంత్రం ట్యుటోరియల్ పెడితే దానికీ రారు. ముందు వాళ్లెందుకు రావడం లేదో కనుక్కోవాలి. బస్సా, హాస్టలా, ఆరోగ్యమా, ఇష్టంలేని బ్రాంచా, ఈ-పాస్ (ఫీజు రీయింబర్స్‌మెంట్) దరఖాస్తు పెండింగులో ఉండి ఫీజు అడుగుతారన్న భయమా. మధ్యస్థంగా పాయింట్లుండి, చీటీలో ‘సగంలో ఆగాడు’ అని పడినవాళ్లకు ట్యుటోరియల్ గంట బాగా పనిచేస్తుంది. అందుకని 40 చోట్లనూ పై వరసకే ఇచ్చెయ్యకుండా, అవసరం రకాన్ని బట్టి పంచండి.

పాయింటు అంకె పిల్లవాడికి చెప్పొద్దు. జాబితా నోటీసు బోర్డు మీద గానీ వాట్సాప్ గ్రూపులో గానీ పెట్టొద్దు. ఫస్టియర్‌లో 17 ఏళ్లవాళ్లు చాలామంది ఉంటారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో 18 నిండనివాళ్లు పిల్లలే. షీటు తెరిచే హక్కు కోఆర్డినేటర్‌కు, ఆ పిల్లవాడి మెంటార్‌కు మాత్రమే ఉంచండి. పిలిచినప్పుడు మాట ఇలా ఉంటే చాలు:

“రామ్మా, కూర్చో. నీ చీటీలు చూశాను. లెక్క మొదలుపెడుతున్నావు, బ్రాకెట్ దగ్గర ఆగుతున్నావు. అదొక్కటే. మంగళవారం నాలుగింటికి వస్తావా, పది లెక్కలు చేద్దాం.”

“నాలుగున్నరకు మా బస్సు సార్.”

“అయితే మధ్యాహ్నం లంచ్ తర్వాత ఇరవై నిమిషాలు రా.”

ఈ బస్సు మాట షీటులో ఎక్కడా ఉండదు. మొదటి మాటలో కనుక్కోకపోతే మంగళవారం ఎదురుచూసి, రాలేదని రెడ్ పెన్ను పెడతారు.

ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. ‘మీవాడు ఫెయిలయ్యే అవకాశం ఉంది’ అన్న మాట ఇంట్లో ‘ఫెయిలయ్యాడు’గా మారుతుంది. ఆడపిల్ల విషయంలో చదువు మాన్పించే మాటకు కూడా దారితీయవచ్చు. పిల్లలతో మాట్లాడాకే, వాళ్లకు చెప్పాకే ఇంటికి ఫోన్ చేయండి. అడగాల్సినవి రెండే: ఉదయం ఎన్నింటికి బయల్దేరుతున్నాడు, ఇంట్లో చదువుకునే వీలుందా.

ఎనిమిదో మెట్టు: మిడ్-1 తర్వాత, వచ్చే ఏడాది

మిడ్-1 మార్కులు రాగానే జాబితా మళ్లీ తీయండి. కొత్తగా వచ్చినవాళ్లు ఎందరు, బయటికి వెళ్లినవాళ్లు ఎందరు చూడండి. బయటికి వెళ్లినవాళ్లను ఒక్కసారిగా వదిలేయకుండా రెండు వారాలకొకసారి చీటీ చూస్తూ ఉండండి.

ప్రతి పిల్లవాడి పేరు ఎదురుగా చేసిన సాయం రాయండి: ఎన్ని గంటలు, ఏ పని, ఏ తేదీల్లో. ఇది ఆఫీసు ఫైలు కోసం కాదు. సాయం అందినవాళ్లు పాసైపోతే, వచ్చే ఏడాది ఆ డేటాతో బరువులు కట్టినప్పుడు ‘హాజరు తక్కువున్నా పాసవుతారు’ అని లెక్క తప్పుగా నేర్చుకుంటుంది. ఏ సంకేతానికి మీరు గట్టిగా స్పందించారో ఆ సంకేతం బరువే తగ్గిపోతుంది. సాయం గడి ఉంటే, సాయం అందినవాళ్లను విడిగా పెట్టి మిగతావాళ్లతోనే బరువులు సరిచూడవచ్చు.

రెగ్యులేషన్ మారిన ఏడాది, మార్కుల విభజన మారిన ఏడాది, ఇంటర్ సిలబస్ గానీ పేపర్ల పద్ధతి గానీ మారిన బ్యాచ్ వచ్చిన ఏడాది పాత బరువుల్ని ఒక్క సెమిస్టర్‌కు సూచనగానే వాడి, సగం పాయింట్లు మెంటార్ల కంటి అంచనాకు వదిలేయండి. ఫలితాలు, రీవాల్యుయేషన్ పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం కేటాయించి, 28వ రోజు భద్రపరిచిన షీటు పక్కన అసలు ఫలితాలు పెట్టండి. లెక్క తప్పిన పేర్లు ఒక్కొక్కటిగా తీసి, ఆ పిల్లల మెంటార్లను పిలిచి ఏం జరిగిందో అడిగి, పక్క గడిలో రాసుకోండి.